అవ్వ చూసుకున్న జాగ

మా అవ్వ, నన్ను కన్న తల్లి, తన చావుకు కావలసినవన్నీ బతికుండగానే సిద్ధం చేసుకుంది. నాంపల్లి స్టేషను వెనక మేం కిరాయికున్న రెండు గదుల ఇంట్లో, మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో ఆబిడ్సు దుకాణంలో కొన్న నీలంరంగు చీర, తన చేతులతో దంచుకున్న పసుపు ఒక డబ్బా నిండా, మా నాయిన కప్పుకున్న గొంగడి. చీర తనకు కట్టడానికి. పసుపు కడసారి స్నానానికి. గొంగడి పూడ్చే బొందలో కింద పరచడానికి. చేసేవాళ్లు లేరని కాదు, ఆ వేళకు ఎవరూ ఎవరినీ అడుక్కోవద్దని.

యుద్ధం రోజుల్లో బట్ట దొరకడం కష్టమైంది. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. కట్టుకునే చీరలు రెండూ చిరుగులు పట్టాయి. ఒకసారి ఆ పెట్టెలో చీర అడిగాను.

"అవ్వా, గది నేను కట్టుకుంట. నీకు మళ్లొకటి కొందం."

"నేను రేపే చస్తే?"

"రేపు చావవు తియ్యి."

"నీకు చెప్పి వస్తదా అది?" అని పెట్టెను కాలితో ఇంకా లోపలికి నెట్టింది.

మా నాయిన ఊళ్లోనే పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మాది పూడ్చిపెట్టే కులం. మా మెట్ట చెలక చివర రేగుచెట్టు కింద, మా తాత పక్కనే ఆయన్ని పూడ్చిపెట్టారు. ఆ తర్వాత అవ్వ నన్నూ అన్ననూ తీసుకొని పట్నం వచ్చింది. ఆబిడ్సు వైపు పెద్ద ఇళ్లవాళ్లకు కారం, పసుపు దంచే పని పట్టుకుంది. నాంపల్లిలో ఒక రేకుల కప్పు కింద ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్లు పొద్దంతా రోకళ్లు ఎత్తి దంచేవాళ్లు. ఆ రోకలి మీదనే అన్న చదివాడు, నేనూ చదివాను. అన్నకు లక్డీకాపూల్ దగ్గర సర్కారు దఫ్తరులో గుమాస్తా నౌకరీ దొరికింది. పెళ్లి చేసుకున్నాడు. తర్వాత గౌలిగూడలో ఇల్లు కొన్నాడు. నాకూ పెళ్లి చేశారు గాని కాపురం నిలవలేదు, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. నేను అవ్వ దగ్గరికే వచ్చేశాను.

ఇన్నేళ్ల కారం ఘాటు అవ్వ రొమ్ములో కూర్చుంది. దమ్ము పట్టుకుంది. దవాఖానలో మందిచ్చారు, రోకలి ముట్టవద్దన్నారు. ఆమెకు అర్థమైంది. అన్న వచ్చిన రోజు ఇద్దరినీ ఎదుట కూచోబెట్టుకుని చెప్పింది.

"నన్ను మీ నాయిన పక్కన పెట్టాలె. జీవం ఉండంగనే ఊరికి తోల్కపోండ్రి. పీనుగను బస్సుల ఎక్కనియ్యరు. గాడ మన గుడిసెల పండుకుంట. ఎన్నొద్దులు పడితే అన్నొద్దులు."

"ఔ అవ్వా, గట్లనే," అన్నాడు అన్న.

ఆ 'గట్లనే' రెండేళ్లు సాగింది. మొదట వానలు పడుతున్నయి, తొవ్వ బాగలేదన్నాడు. తర్వాత దసరా పోనియ్యమన్నాడు. దసరా పోయాక సెలవు దొరుకుతలేదన్నాడు. ప్రతిసారీ అవ్వ తలూపేది. కొడుకు సర్కారు నౌకరుడు, ఆయన కష్టం ఆయనకు ఉంటుంది కదా అన్నట్టు. నేనే ఉడికిపోయేదాన్ని. ఎంత పని ఉన్నా కన్నతల్లిని బస్సెక్కించడానికి ఒక్క రోజు దొరకదా అనుకున్నాను. అంతకంటే చెడ్డది నాకు తట్టలేదు.

చివరికి నేనే తీసుకుపోదామని తీర్మానం చేసుకున్నాను. ముందుగా ఊరికి పోయి గుడిసె ఎట్లా ఉందో చూసి రమ్మంది అవ్వ. ఆ రోజుల్లో మా సర్కారు బడులకు వారం సెలవు శుక్రవారమే. పొద్దున్నే గౌలిగూడలో బస్సెక్కాను. దిగి నాలుగు మైళ్లు నడిచాను. గుడిసె సగం కూలింది గాని కప్పు వేసుకుంటే ఒక మనిషి పడుకోవచ్చు. కప్పుకు గడ్డి ఎక్కడ దొరుకుతుందో అడుగుదామని చెలక వైపు పోయాను. అక్కడ మా పక్క చెలక వరుసకు పెదనాయినది.

మా చెలక ఎక్కడుందో నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. రేగుచెట్టు లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మోకాలెత్తు ఆముదం చెట్లు.

పెదనాయిన నన్ను చూసి నిలబడ్డాడు. "మీ అన్న అమ్మి రెండేండ్లాయె గద. నీకు తెల్వదా బిడ్డా?"

"తెల్వదు."

"కొన్నాయన మొదటి వానకే దున్నించిండు. బొందలున్నయి, గంత జాగ ఇడ్సిపెట్టమని నేను చెప్పిన. బొందలకు సుత పైకం ఇచ్చిన అన్నడు."

"మా నాయిన ఎక్కడున్నడు?"

ఆయన చేయి చాపి ఒక చోటు చూపించాడు. కాసేపు అటే చూసి, "కాదు, జర ఇటు," అని ఇంకో చోటు చూపించాడు. తర్వాత చేయి దించేశాడు.

అక్కడ నేను ఏడవలేదు. బస్సులో కూడా ఏడవలేదు. కొంగు వేళ్లకు చుట్టి పట్టుకుని కూచున్నాను. గౌలిగూడలో బస్సు దిగితే అన్న ఇల్లు అడ్డ వీధిలోనే. ఆ ఇల్లు ఎట్లా కొన్నాడని మేం ఎన్నోసార్లు ముచ్చట పెట్టుకున్నాం. మా కొడుకు తెలివిగలోడు అని అవ్వ దంచేవాళ్లందరికీ చెప్పుకుంది. ఆ పూట ఆ తలుపు తడితే వదినె ముందు, పిల్లల ముందు నా నోట ఏం వస్తుందో నాకే భయమై, నేరుగా నాంపల్లికి నడిచాను. అప్పటికే అవ్వ మందు తాగి నిద్రపోయింది, పొద్దున ఆమె లేవకముందే బడికి పోయాను.

మరునాడు బడిలో అన్నం గంట కొట్టగానే లక్డీకాపూల్ పోయి ఆయన దఫ్తరు గేటు ముందు నిలబడ్డాను. చప్రాసితో కబురు పంపాను. షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"అవ్వకేమన్న అయిందా?"

"కాలే. నేను ఊరికి పోయొచ్చిన."

ఆయన వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. "గీడ వద్దు. జర పక్కకు రా."

"నాయిన బొంద మీద ఆముదాలు ఏసిన్రు అన్నా."

"నన్నేం చెయ్యమంటవ్? పిల్లలు పెద్దగైతున్నరు. కిరాయి ఇండ్లల్ల ఎన్నొద్దులుండాలె? చెలక ఊకెనే పడి ఉన్నది."

"నీ పేరు మీదున్నది, అమ్ముకున్నవ్. బొందలకాడ నాలుగు గజాలు ఇడిసి అమ్మరాదా? సరే, అమ్మినవ్. అవ్వకు ఎందుకు చెప్పలే? వానలనుకుంట, దసరా అనుకుంట రెండేండ్ల సంది ఆమెను ఎందుకు తిప్పినవ్?"

"చెప్తె ఆమె పానం పోతదని చెప్పలే." గొంతు తగ్గించాడు. "గిప్పుడు సుత చెప్పకు చెల్లె. ఎన్నొద్దులు బతుకుతది ఆమె? పోయినంక మనమేం చేసినా ఆమెకు తెలుస్తదా?"

చెలక అమ్మినందుకు వచ్చిన కోపం ఒకటి. ఈ మాటకు వచ్చిన కోపం వేరు. అమ్ముకోవడం అవసరం అనుకుందాం. కాని మా అవ్వ ఆ చెలక గురించి, రేగుచెట్టు గురించి మాట్లాడుతుంటే ఈయన మంచం పక్కన కూచుని 'గట్లనే అవ్వా' అంటూ రెండేళ్లు ఆమె చావు కోసం కాచుకున్నాడు. ఆమె పోతే ఇక చెప్పే పని ఉండదు కదా. అదే మాట ఆయన మొహం మీద అన్నాను. లోపల గంట కొడితే ఆయన పోయాడు.

తర్వాత నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. ఇంటికి పోతే అవ్వ అడిగింది, "గుడిసె కప్పు ఎట్లున్నదే?" అని. "జర కూలింది, ఏసుకోవచ్చు," అన్నాను. "రేగుచెట్టు కాసిందా?" అంటే "ఈ యేడు కాయలే," అన్నాను. అట్లా మూడు రోజులు. అన్న రెండేళ్లలో చెప్పిన అబద్ధాలకు నేను మూడు రోజుల్లోనే వంతుదారునయ్యాను. నన్ను అట్లా చేసినందుకు ఆయన మీద కోపం. అయినందుకు నా మీద నాకు కోపం.

నాలుగో రోజు పొద్దున గంజి తాగిస్తూ చెప్పేశాను. మొదలు పెట్టి చివరిదాకా చెప్పాను. అవ్వ గిన్నె పక్కకు జరిపింది.

"మొత్తం దున్నిన్రా?"

"ఔ."

"మీ తాతది సుత?"

"ఔ అవ్వా."

ఆమె గోడ వైపు చూసింది. తర్వాత, "నన్ను లేపి కూసోబెట్టు," అంది. కూచోబెట్టాను. మిగిలిన గంజి తానే తాగింది. ఒక్క తిట్టు తిట్టలేదు. నేను తిడితే వద్దనలేదు.

"శుక్కురారం నీకు బడి లేదు గద. జట్కా మాట్లాడు," అంది.

మా కులంవాళ్ల బొందలగడ్డ రైలుకట్ట అవతల ఉంది. ఊరు లేనివాళ్లను, ఊరికి పోలేనివాళ్లను అక్కడ పెట్టేవాళ్లు. ఇద్దరం జట్కాలో పోయాం. బండి దిగి పది అడుగులకు ఒకసారి ఆగుతూ, నా భుజం పట్టుకుని నడిచింది. కావలి ఉండే ఆయన, వయసు మళ్లిన మనిషి, ఎదురొచ్చాడు.

"ఎవలు పోయిన్రు తల్లీ?"

"ఎవలూ పోలే. నాకే జాగ కావాలె," అంది అవ్వ.

ఆయన నన్ను చూశాడు, నేను తలూపాను. గోడ పక్కన ఒక చోటు చూపించాడు. అవ్వ అక్కడ నిలబడి చుట్టూ చూసి ఒప్పుకోలేదు. వాననీళ్లు ఇటే వస్తాయంది. ఇంకోటి చూపించాడు. అక్కడ నీడ లేదంది.

"నీడ నీకెందుకు అవ్వా?"

"నాకు కాదయ్యా. నన్ను చూడొస్తె నా బిడ్డ ఎండకు నిలవడాల్నా?"

చివరికి ఒక వేపచెట్టుకు ఈవల, జర మిట్టగా ఉన్న చోటు ఆమెకు నచ్చింది. కాలితో నేలను రెండుసార్లు తొక్కి చూసింది. ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు కూడా ఆమె అంతే, గోడలు కొట్టి చూసేది. తిరిగి వస్తూ జట్కాలో నా చేయి పట్టుకుంది. "మీ నాయిన ఒక్కడే అయిపాయె," అంది.

మరుసటి వారం కులపెద్దను ఇంటికి పిలిపించింది. దంచే ఆడవాళ్లు నలుగురినీ పిలిచింది. వాళ్ల ముందు రెండు మాటలు చెప్పింది. తనను ఆ వేపచెట్టు దగ్గర పూడ్చాలి. కుండ తన బిడ్డ పట్టాలి, మొదటి పిడికెడు మన్ను తన బిడ్డ వెయ్యాలి. కొడుకు మన్ను తన మీద పడవద్దు.

కులపెద్ద గడ్డం గోక్కుని, "నువ్వు చెప్పినంక కాదంటమా," అన్నాడు. నేను చెవులారా విన్నాను.

రెండు నెలలు బతికింది. ఎండలు ముదరక ముందే, ఒక పొద్దున నేను బడిలో ఉండగా, దంచేవాళ్లలో పెద్దామె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె మొహం చూసి సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

నలుగురు ఆడవాళ్లూ అవ్వకు స్నానం పోశారు. డబ్బాలో పసుపు పూశారు. నీలం చీర కట్టారు. అంతా ఆమె చెప్పినట్టే సాగుతుందనుకుంటున్న వేళకు అన్న వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెంట మంత్రాలు చదివే అయ్యగారిని తెచ్చాడు. దఫ్తరువాళ్లు ఆరేడుగురు వచ్చారు. కట్టెలు మూసీ ఒడ్డుకు చేరుతున్నాయని, కాల్చుదామని చెప్పాడు.

"ఆమె పూడ్చమన్నది," అన్నాను.

"నీకు తెల్వదు చెల్లె. పెద్ద పెద్దోళ్లొచ్చిన్రు. గా బొందలగడ్డకు, గా దుమ్ములకు ఎట్ల తోల్కపోవాలె వీళ్లను? గౌరవంగ చేద్దం."

తల్లిని ఊళ్లో పూడ్చే జాగ అమ్ముకున్న మనిషి నాకు గౌరవం చెబుతున్నాడు. అంతలో దంచే పెద్దామె అవ్వ తలాపున కూచుంది. మిగతా ముగ్గురూ తలో పక్క కూచున్నారు. పాడె ఎత్తడానికి వచ్చినవాళ్లు ఆగిపోయారు.

"లెవ్వమ్మా," అన్నాడు అన్న.

"లెవ్వం బిడ్డా. మేం విన్నం ఆమె మాట. మీ కులపెద్దను పిలువు."

దఫ్తరువాళ్లు వాకిట్లోకి పోయి నిలబడ్డారు. అన్న మొహం నల్లబడింది. గంటసేపు ఆ నలుగురూ కదల్లేదు. కులపెద్ద వచ్చాడు. అన్న ఆయన్ని పక్కకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు. ఆయన తిరిగొచ్చి నాతో అన్నాడు, "పూడ్చుడే బిడ్డా. ఆమె మాట నిలుపుతం. గని కొడుకు ఉండంగ బిడ్డ కుండ పట్టదు. లోకం నవ్వుతది."

"మీరు ఆమెకు మాటిచ్చిన్రు."

"సచ్చిపోయే మనిషి అడిగితే ఎవలన్న కాదంటరా? నువ్వు ఇట్లనే పట్టుపడితే మీ అన్న కట్టెల మీదికే తోల్కపోతడు. నేను అడ్డం రాను. చూసుకో."

చూసుకున్నాను. మట్టి కావాలంటే కుండ వదులుకోవాలి. వదులుకున్నాను. అన్న కుండ పట్టుకుని ముందు నడిచాడు, నేను వెనక ఆడవాళ్లతో నడిచాను. గొంగడి మటుకు నేనే దిగి పరిచాను, ఎవరూ ఆపలేదు. మొదటి పిడికెడు మన్ను ఆయన వేశాడు. ఆమె వద్దని నలుగురి ముందు చెప్పిన చేతి మన్ను. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు గట్టిగా అడ్డం పడితే ఏమయ్యేదని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కులపెద్ద దినాలకు వచ్చి భోజనం చేస్తుంటే ఆయన విస్తట్లో నేను వడ్డించలేదు.

మూడు నెలలకు అన్న బొంద మీద రాయి పెట్టించాడు. నాకు చెప్పలేదు, కావలి ఆయన చెప్పాడు. పోయి చూశాను. నున్నగా చెక్కిన నల్లరాయి, మంచి ఉర్దూ అక్షరాలు. బడిలో ఉర్దూ నేర్చుకున్నాను కాబట్టి చదవగలిగాను. ముందు అన్న పేరు. తర్వాత ఆయన పనిచేసే మహకమా, అందులో ఆయన ఓహదా, అంటే ఉద్యోగ హోదా. చివర్న 'వారి తల్లి సమాధి' అని. అవ్వ పేరు లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. ఎక్కడా లేదు.

ఆ వారమే అఫ్జల్‌గంజ్‌లో రాళ్లు చెక్కే ఆయన్ని వెతికి తీసుకుపోయాను. అడుగున ఖాళీగా ఉన్న చోట తెలుగులో ఆమె పేరు చెక్కమన్నాను. "ఇంటిపేరు పెట్టాల్నా?" అన్నాడు. వద్దు, ఆమె పేరు చాలన్నాను. పొద్దంతా పక్కనే కూచుని చెక్కించాను. ఆ పేరు ఇక్కడ రాయను. అన్న పేరూ రాయలేదు, నా పేరూ రాయలేదు. తెలుసుకోవాలనుకున్నవాళ్లకు రాయి మీద ఉంది.

అన్నకు తెలిసి నాంపల్లికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రాయి ఖరాబు చేసినవ్. ఆడమనిషి పేరు గట్ల బైట చెక్కిస్తరా? మా సాబు చూస్తే ఏమనుకుంటడు?"

"మీ సాబు బొందలగడ్డకు ఎందుకొస్తడు?"

"నువ్వు ఎప్పుడు గిట్లనే. అవ్వ పోయింది. ఇంకెన్నొద్దులు పెట్టుకుంటవ్ మనసుల?"

"నాయిన ఏడున్నడో చూపించు. చూపిస్తే తీసేస్త," అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని పోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. నేను గౌలిగూడ ఇంట్లో అడుగు పెట్టలేదు. ఏడాది నిండాక అవ్వ ఏడూడు ఆయన అక్కడ చేశాడు, బూంది లడ్లు పంచాడని విన్నాను. పిల్లలను చూడాలని ఉండేది. వాళ్ల తప్పేం లేదు. అయినా పోలేదు.

నా కోపం చల్లారాలని చాలామంది చెప్పారు. పెద్దామె కూడా చెప్పింది. నేను విన్నాను. కాని కోపంతో కూచోవడం కంటే ఒక పని చేయడం మేలనిపించింది. మరుసటి ఏడు కులపెద్ద దగ్గరికి పోయాను. అవ్వ పక్క జాగ నాకు కావాలని అడిగాను.

"నీకేం వయసైందని?"

"వయసు సంగతి కాదు. కాయితం రాసియ్యిన్రి."

"కాయితమెందుకు, మాట చాలదా?"

ఆ మాట అని ఆయనే చూపు తిప్పుకున్నాడు. వెంట తెచ్చిన కాయితం ఆయన ముందు పెట్టాను. జాగ, పూడ్చడం, కుండ పట్టేది దంచే పెద్దామె చిన్న కూతురు అని రాసి ఉంది. ఆ అమ్మాయి ఒప్పుకుంది, సంతకం కూడా చేసింది. మా అన్నకు గాని, ఆయన కొడుకులకు గాని ఇందులో ఏ పనీ లేదని చివరి వరుసలో రాశాను.

కులపెద్ద అది రెండుసార్లు చదివించుకున్నాడు. "గిట్ల రాయించుకున్న ఆడిది మన కులంల ఎవ్వతి లేదు," అన్నాడు.

సిరాబుడ్డి మూత తీసి ఆయన దగ్గరికి జరిపాను. బొటనవేలు సిరాలో ముంచి వేలిముద్ర వేశాడు.